అవసరం లేని పనుల జాబితా

ఒక్క మాట తప్పుగా అర్థం చేసుకుని ఒక విమానాన్ని, ఒక పెద్దమనిషి పరువును, నా పరీక్షను ఒకే పూటలో గంగలో కలపబోయిన ఘనుణ్ణి నేను. అంత పని చేయడానికి నాకు ఏ పనిముట్టూ కావలసిరాలేదు. చేతులు ముడుచుకుని కూర్చుంటే సరిపోయింది.

అరవైల మొదట్లో సంగతి. తోటపల్లి గూడూరు దగ్గర బీడు చదును చేసి, వరి పైరు మీద పురుగుమందు చల్లే చిన్న విమానాన్ని దింపారు. దాని మరమ్మతులు చూడటానికి మద్రాసు నుంచి షణ్ముగం గారు వచ్చారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మెకానిక్కును నేను. మాది బోగోలు. మా ఊళ్లో విమానాన్ని ముట్టుకున్న మొదటివాణ్ణి కాబట్టి, సెలవుకి ఇంటికి వెళ్లేవాణ్ణి కాదు, దిగేవాణ్ణి.

షణ్ముగం గారికి ఇంజన్ల కన్నా మనుషుల్ని బాగుచేయడం మీద మోజెక్కువ.

"తంబీ, ముందర నిన్ను నువ్వు సరిచేసుకో. దినమూ పుస్తకంలో రాయి. ఏం పనుండాదో రాయి. తెలీంది నన్నడుగు" అనేవారు.

ఆయనది అరవ సరిహద్దున తడ అవతల పుట్టి ఇవతల తిరిగిన తెలుగు. నాకు మాత్రం అంతా తెలుగులాగే వినిపించేది. నా కొంప ముంచింది అదే.

త్వరలో ఇన్‌స్పెక్టర్ గారొచ్చి విమానం చూసి, నా లైసెన్సు పరీక్ష ఫారం మీద సంతకం పెట్టాలి. అది పడకపోతే ఇంకో ఏడాది గుడ్డపీలికతో నూనె తుడుచుకోవడమే. అందుకని బుద్ధిగా పుస్తకం కుట్టుకుని, పనులు రాసుకుని వెళ్లాను. ఆ వారం సముద్రపు గాలి విపరీతంగా వీస్తున్నందువల్ల విమానం ఎగరడం లేదు.

"సార్, ఫిల్టర్ కడగమంటారా?"

"అవసరం లేదప్పా."

"తోక చక్రానికి గ్రీజు?"

"అవసరం లేదు."

"మందు చిమ్మే గొట్టాలు విప్పి తుడిచేదా?"

"దేనికీ అవసరం లేదు తంబీ. పోయి అన్నం తిను."

మీరే చెప్పండి, ఇంతకన్నా గొప్ప గురువు ఎవరికి దొరుకుతాడు? విమానానికి ఏది అక్కర్లేదో తెలిసినవాడే అసలైన పనివాడని నిశ్చయించుకుని, పుస్తకంలో "అవసరం లేని పనులు" అని కొత్త పేజీ మొదలుపెట్టాను. మూడు రోజుల్లో ఆ పేజీ నిండింది. చేయాల్సిన పనుల పేజీలో "చేతులు కడుక్కోవడం" ఒక్కటే మిగిలింది.

బుధవారం రావాల్సిన ఇన్‌స్పెక్టర్ గారు సోమవారం పొద్దున్నే దిగారు. ఆయన రాజమండ్రి వైపు మనిషి, ఉద్యోగం మద్రాసులో. షణ్ముగం గారు కాఫీ తెప్పించే లోపలే నా దగ్గరికొచ్చారు.

"ఫిల్టర్ ఎప్పుడు కడిగావోయ్?"

"కడగలేదు సార్. దానికి అవసరం లేదు."

"తోక చక్రం గ్రీజు?"

"దానికీ లేదు సార్."

ఆయన ఫిల్టర్ ఊడదీసి నేలకేసి తట్టారు. వంగనారు పోసుకోవడానికి చాలినంత మన్ను రాలింది.

"ఎవరు చెప్పారయ్యా నీకు?"

"మా సారే చెప్పినారు" అంటూ, సాక్ష్యం కావాలేమోనని పుస్తకం తీసి జాబితా మొత్తం పైకి చదివాను. ఆఖర్న తేదీ కూడా చదివాను.

కాఫీ గ్లాసులతో వచ్చిన షణ్ముగం గారి మొహం తెల్లబోయింది. "అయ్యో తంబీ, నేను చెయ్యొద్దన్నానా? అవసరం లేదు, మెల్లిగా చెయ్యి అని గదా చెప్పినా."

"మెల్లిగా అనలేదు సార్. అవసరం లేదని మాత్రమే అన్నారు."

ఇన్‌స్పెక్టర్ గారు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని అక్కడే బల్ల మీద కూలబడ్డారు. "ఒరేయ్ అబ్బాయ్, అరవంలో అవసరమంటే తొందర. ఆయన తొందరేమీ లేదన్నాడు, నువ్వు అక్కర్లేదనుకున్నావు."

నేను పుస్తకం మూసి వీపు వెనక దాచుకున్నాను. అప్పుడు షణ్ముగం గారు, "తప్పు నాది సార్. వాడు అడిగినాడు. వాడికి అర్థమయ్యిందో లేదో నేను చూసుకోలేదు" అన్నారు. ఆ మాటతో నా సిగ్గు రెట్టింపైంది. ఎందుకు అవసరం లేదని ఒక్కసారైనా అడగలేదు నేను. పని తప్పిందన్న సంతోషంలో ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

పొద్దు వాలేదాకా ఇద్దరం కలిసి ఆ పేజీలోని పనులన్నీ చేశాం. ఇన్‌స్పెక్టర్ గారు ఒక్కొక్కటీ తడిమి చూసి, చివరికి ఫారం అడిగి తీసుకుని సంతకం పెట్టారు. నేను గండం గడిచిందనుకుని దాన్ని మడవబోతూ, "అభ్యర్థికి ఇంకా ఏ విషయంలో శిక్షణ కావాలి" అన్న గడి చూశాను. తోటివాళ్ల ఫారాల్లో అక్కడ ఇంజన్లనో, రెక్కలనో ఉండేది. నా దాంట్లో పెద్ద అక్షరాలతో "తమిళం" అని ఉంది.

గ్రీజు చేతుల్ని గుండె మీద పెట్టుకుని ఆ సాయంత్రమే ప్రమాణం చేశాను: ఇక జన్మలో ఎవరు పని వద్దన్నా, ఏ భాషలో వద్దంటున్నారో రాతపూర్వకంగా తెలుసుకోనిదే సంతోషించను.