కళ్ళం పక్కన కలిపిన తెలుపు

సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో కారుకు గీత పడితే జక్రయ్యను పిలుస్తారు. కంప్రెసరూ, స్ప్రే గన్నూ, రంగు డబ్బాలూ తన ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికే వస్తాడు. పనిమంతుడే. నోరు మాత్రం చేతికంటే ముందు నడుస్తుంది.

ఆ రోజు పిలిచింది షారోన్ టీచరు. భర్త ఏసుబాబు ఊళ్ళో లేనప్పుడు కారు తీసి, గేటు స్తంభానికి తలుపు గీసేసింది. ఇరుగుపొరుగు కంట పడకుండా కారును ఇంటి వెనక మిరప కళ్ళంలో పెట్టింది.

"సాయంత్రం ఆయనొస్తారండి. చూశారంటే ఇక జన్మలో స్టీరింగు ముట్టుకోనివ్వరు."

"మీ ఆయన కాదమ్మా, ఆ కారు చేసినోడొచ్చినా కనిపెట్టలేడు," అన్నాడు జక్రయ్య.

గీతను రుద్ది, పుట్టీ పెట్టి, ప్రైమరు కొట్టాడు. మిరప దుమ్ము పడకుండా కళ్ళం పక్కనున్న మోటారు షెడ్డులో కూర్చుని తెలుపు కలిపాడు. కలిపిన రంగును డబ్బా మూత మీద పూసి తలుపుకు ఆనించి చూడాలి. ఎప్పుడూ అలాగే చూసేవాడు. ఆ రోజు తొందరలో షెడ్డులోంచే చూశాడు. ఎండలో ఆరబోసిన కాయల ఎరుపు తలుపు మీద పడి, కారు తెలుపే కాస్త ఎర్రగా కనబడింది. పాత కారు కదా, రంగు మారిందనుకుని ఎరుపు చుక్క వేశాడు. కొట్టాక కూడా ఆ ఎర్రటి వెలుగులో తేడా తెలియలేదు. షారోన్ చేతులు జోడించింది.

కారు వాకిట్లోకి వచ్చాక తలుపు మీద గులాబిరంగు మచ్చ తేలింది. సాయంత్రం వచ్చిన ఏసుబాబు అది చూసి, కారు తాళం జేబులో వేసుకున్నాడు.

మర్నాడు షారోన్ ఫోను చేసి చెప్పగానే జక్రయ్య అన్నం ముందు నుంచి లేచాడు. నా నోరు పడిపోనూ అని తిట్టుకుంటూ, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సామానంతా వేసుకుని పరుగెత్తాడు.

"తప్పు నాదేనండి. మళ్ళీ కొడతాను. తాళం అమ్మకివ్వండి."

"అక్కర్లేదు," అన్నాడు ఏసుబాబు తాపీగా. "ఆ మచ్చ అట్టాగే ఉండనీ. చూసినప్పుడల్లా దానికి గుర్తుకు రావాల."

వాకిలి ఊడుస్తున్న షారోన్ తల ఎత్తలేదు.

ఇప్పుడు బజార్లో ఆ కారు కనబడితే టీచరమ్మ నిర్వాకం అని జనం నవ్వుతారు. అది తన నిర్వాకమని జక్రయ్యకు తెలుసు. సిగ్గుతో మొహం తిప్పుకుంటాడు.

మొన్న ఆమె ఎండలో షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే ఆగాడు.

"ఎక్కండమ్మా, బడి దగ్గర దింపుతాను."

"దింపేవాళ్ళు చాలామంది ఉన్నారండి," అంది షారోన్. "నాకు నడపాలనుంది."

ఆమెను నడపనిద్దామని జక్రయ్య ఆటో దిగాడు. ఆమె అడిగింది ఆటో కాదని తట్టి మళ్ళీ ఎక్కాడు.