నూనె జడ, ప్లాస్టిక్ స్కేలు

మా అక్క నాగజ్యోతి ఒకచోట కుదురుగా కూర్చోదు. నేను డిగ్రీ మధ్యలో కాలేజీని వదిలేశాను. ఆమెను కాలేజీలే వదిలేస్తాయి. ఫిజిక్స్ చెప్తుంది. ఎవరైనా "ఎందుకు?" అంటే చాలు, పాఠం అక్కడే ఆగుతుంది. నంద్యాలలో రెండు కాలేజీలు అందుకే వద్దన్నాయి. ఆళ్లగడ్డలో ఈ ఉద్యోగమూ రాకపోతే రుద్రవరంలో మామ ఎరువుల కొట్లో కూర్చోవాల్సిందేనని అమ్మ తేల్చేసింది. ఆ మాట వింటేనే అక్కకు ఊపిరాడదు.

డెమో క్లాసు రోజు పొద్దున్నే, మంచి జరగాలని, అమ్మ ఆమె తలకు నూనె దట్టంగా పట్టించి జడ వేసింది. బండి మీద నా వెనక అక్క కదులుతూనే ఉంది.

"సరిగ్గా కూర్చో అక్కా, ఇద్దరం పడతాం."

"నువ్వు బిరీన పోనీరా!"

క్లాసులో నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ప్రిన్సిపాల్ జయప్రకాష్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు. అక్క మొదలుపెట్టింది.

"హైడ్రోజన్‌లో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. గురుత్వాకర్షణ వాటిని దగ్గరికి లాగుతాంది, విద్యుత్ బలమూ లాగుతాంది. రెండోది ఎన్ని రెట్లు పెద్దదో తెలుసా? రెండు రాసి పక్కన ముప్పై తొమ్మిది సున్నాలు పెట్టండి."

ఎవరూ నమ్మలేదు. అక్క దువ్వెన తీసి జడ మీద బరబరా రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టింది. ఒక్కటీ కదల్లేదు. నూనె తలకు రుద్దితే చార్జి ఎక్కడ నిలుస్తుంది?

"మేడం, కాగితాలు గూడా నమ్మలేదు!" అని ఎవరో అరిచారు. క్లాసంతా నవ్వింది.

అక్క ముందు బెంచీలోని వెన్నెల అనే అమ్మాయి దగ్గర ప్లాస్టిక్ స్కేలు లాక్కుని, ఆ అమ్మాయి పాలిస్టర్ చున్నీకే రుద్దింది. ముక్కలు ఎగిరి అతుక్కున్నాయి.

"చూడండ్రా! భూమంతా కిందికి లాగుతాంటే ఒక స్కేలు గెలిచింది."

"మరి మనం గూడా భూమికే అతుక్కున్యాం గదా మేడం. ఎందుకు?" అంది వెన్నెల.

బెల్లు కొట్టారు. జయప్రకాష్ గారు లోపలికొచ్చారు. "సోమవారం రామ్మా. కానీ బిట్లు చెప్తే చాలు. ప్రశ్నలకు నిలబడితే సిలబస్ పూర్తికాదు."

అక్క తలూపింది. తిరుగుదారిలో చేతిసంచి తెరిస్తే వెన్నెల స్కేలు కనిపించింది. శిరివెళ్లలో నా భుజం మీద కొట్టింది.

"బండి తిప్పు."

"సోమవారం ఇస్తువులే అక్కా!"

"తిప్పుతావా, దిగి ఆటో ఎక్కాల్నా?"

తిప్పాను. కాలేజీ హాస్టల్ గేటు దగ్గర వెన్నెలను పిలిపించింది. "ప్లస్సూ మైనస్సూ అన్నిట్లో సమానంగా ఉంటాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బరువుకు మైనస్ లేదు పాపా. ఎంత చేరితే అంత లాగుతాంది. భూమి అట్ల గెలిచింది."

వరండాలోంచి జయప్రకాష్ గారు చూస్తున్నారు. "నిలబడొద్దని చెప్పి రెండు గంటలు కాలేదు గదమ్మా! ఇంక సోమవారం రావద్దులే."

అక్క ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. తర్వాత స్కేలు వెన్నెల చేతిలో పెట్టింది.

"అర్థమైనాదా?"

"సగం మేడం."

అక్క చెప్పులు విడిచి గేటు పక్కన అరుగు మీద కూర్చుంది. మిగిలిన సగం మొదలుపెట్టింది.