టీచరమ్మ చదవకుండా పోయిన నాలుగో భాగం

1983 ఆగస్టు 14, ఆదివారం. తిరుపతి.

మా పక్కింటి టీచరమ్మ పోయిన మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రిలో కన్నుమూసింది. బుధవారం పాకాలలో, ఆమె తల్లిదండ్రుల పక్కనే మట్టి చేశారు. చర్చివాళ్ళు ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారు. పక్కింటిదాన్ని కాబట్టి నన్నూ రాయమన్నారు. అడగకపోయినా రాసి ఇచ్చేదాన్నే. ఎందుకంటే ఆ రోజు సమాధి దగ్గర పాస్టరుగారు ప్రసంగం చేస్తూ ఉండగా, నేను రెండు చెవులూ మూసుకుని స్టేషనుకు నడిచి వచ్చేశాను. వైష్ణవుల ఇంటి ముసలమ్మకు మడి గుర్తొచ్చిందని కొందరు అనుకున్నారట. అది కాదు. ఏం జరిగిందో వరుసగా చెబుతాను.

టీచరమ్మది పాకాల. తండ్రి రైల్వేలో చేసేవాడు. "మా నాయన రైలు తోలినాడని ఊర్లో అంతా సెప్పుకుంటారక్కా. తోల్లేదు. రైలుకు బొగ్గేసినాడు" అని నవ్వేది. మిషను బడిలో చదువుకుని, అక్కడే కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, ముప్పై దాటాక ఆఫ్రికాలో టాంజానియా లోపలి పల్లె ఒకదానికి మిషనరీగా వెళ్ళింది. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఊరివాళ్ళ భాషకు అప్పటికి రాత లేదు. ఆడవాళ్ళు మొక్కజొన్న దంచుతుంటే తనూ ఒక రోకలి పట్టుకుని నిలబడి మాటలు నేర్చుకుందట. తర్వాత అక్షరాలు కుదిర్చి, పిల్లలకు నేర్పి, అక్కడి బడి పంతులు ఒకాయనతో కలిసి బైబిలును ఆ భాషలోకి తెచ్చే పనిలో పడింది. జ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చి మూత్రపిండాలు చెడ్డాక, నాలుగేళ్ళ కిందట తిరిగివచ్చి మా పక్క వాటాలో అద్దెకు దిగింది. సామానంటే ఒక ట్రంకుపెట్టె. దాని నిండా కాగితాలు.

ఆమె అలవాట్లు మాకు వింతగా ఉండేవి. పాలు లేని టీ తాగేది. చలికాలంలో కూడా దోమతెర లేనిదే పడుకునేది కాదు. పొద్దున్నే గోడ అవతల నుంచి పలకరిస్తే అది అంత త్వరగా అయ్యేది కాదు. ఆ పల్లెలో ఇల్లు, పిల్లలు, పశువులు అన్నీ అడిగాకే అసలు మాట ఎత్తాలట.

"బాగుండావా అక్కా? అన్న బాగుండాడా? పిలకాయలు? ఆవు?"

"నాకు ఆవు యాడుంది మే?"

"లేకపోతే లేదని సెప్పక్కా. అడగడం నా పని."

నాలుగేళ్ళూ అడిగింది. నాలుగేళ్ళూ లేదనే చెప్పాను.

ఇక పని సంగతి. ఆమె మొదట తయారుచేసిన సువార్త అచ్చయి ఆ ఊరికి వచ్చినప్పుడు ఊరంతా విని, బాగుందని తలలు ఊపారట. ఏటి అవతలి నుంచి కొత్తగా కోడలిగా వచ్చిన ఒక పిల్ల మాత్రం, "ఇందులో సగం కథ లేదు" అందట. చూస్తే ఆ పిల్లదే నిజం. మిగతావాళ్ళకు కథ ముందే తెలుసు. పుస్తకంలో తప్పిపోయినదాన్ని వాళ్ళ మనసులే పూరించుకున్నాయి. "పదేండ్ల పనక్కా. తల ఊపినోళ్ళంతా నా మీద ప్రేమతో ఊపినోళ్ళే" అని చెబుతూ టీచరమ్మ కళ్ళు తుడుచుకోవడం ఆ ఒక్కసారే చూశాను. ఆ తర్వాత, కథ తెలియనివాళ్ళకు వినిపించకుండా ఒక్క కాగితం కూడా ఆమె అచ్చుకు పంపలేదు.

తిరుపతికి వచ్చాక ఆమెకు అదే ఇబ్బంది అయింది. ఆమె ఎరిగినవాళ్ళంతా చర్చివాళ్ళే. ఒకరోజు నన్ను అడిగింది.

"బైబిల్లో నీకేం తెలుసక్కా?"

"సిలువ సంగతి తప్ప ఏమీ తెలియదు."

"దేవుడి దయ" అంది.

నిజంగానే తెలియదు. నేను చదివింది సర్కారు బాలికల బడిలో. సంస్కృతం, ఇంగ్లీషు, లెక్కలు. నేను కథలు వినే మనిషిని కూడా కాదు. కాబట్టే నన్ను ఎంచుకుంది అనుకుంటాను. సాయంత్రాలు వరండాలో ఆమె ఆ భాషలో ఉన్న కాగితం చూస్తూ, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పేది. ఒక చిన్న ముక్క అయ్యాక నేను దాన్ని తిరిగి చెప్పాలి. నేను ఎక్కడ ప్రశ్న వేస్తే అక్కడ ఆమె ఎర్ర పెన్సిలుతో గీత పెట్టుకునేది. కథ అక్కడ తెగిందని లెక్క.

అది అత్తా కోడళ్ళ కథ. కరువుకు ఒక కుటుంబం ఊరు వదిలి పరాయి దేశం పోతుంది. అక్కడ మగవాళ్ళంతా చనిపోతారు. ముసలి అత్త తిరిగి సొంతూరికి బయలుదేరితే, ఆ పరాయి దేశపు కోడలు వద్దన్నా వినక వెంట వస్తుంది. మొత్తం నాలుగు భాగాలు. మా కోడలు కాఫీ తెచ్చి పెడుతూ, "అత్తను అంత ప్రేమించే కోడలంట. టీచరమ్మా, ఆ అత్త ఎట్లాంటిదో అది కూడా మా అత్తయ్యకు గట్టిగా సదివి వినిపించండి" అని పోయేది.

రెండో భాగంలో ఆ కోడలు కోత కోసిన చేలో మిగిలిన కంకులు ఏరుకుంటుంది. "పరిగె" అన్నాను వెంటనే. మా పుట్టింట్లో కోతలప్పుడు పేదవాళ్ళకు వదిలేసేవాళ్ళం. టీచరమ్మ చాలాసేపు నవ్వింది. ఆఫ్రికా పల్లెలో ఆ వాడుక లేదట. ఊరివాళ్ళు ఆ కోడల్ని దొంగ అనుకున్నారట. వదిలేయడం ఆ దేశపు ధర్మమని ఒక వాక్యం చేర్చాకే కథ ముందుకు నడిచిందట. ఆ రోజు ఎంత గింజ ఏరిందో కొలత చెబితే నేను ఒప్పుకోలేదు. "ఒక మనిషి ఒక పూటలో ఏరేది కాదు మే ఇది. ఆ చేనాయన కంకులు వదిలిపెట్టమని కూలోళ్ళకు గట్టిగా చెప్పినట్టుండాడు" అన్నాను. ఆమె పెన్సిలు కింద పెట్టేసింది. "సరిగ్గా వినబడిందక్కా" అంది. ఆ సాయంత్రం ఆమె ముఖంలో ఉన్నంత తృప్తి నేను మళ్ళీ చూడలేదు.

వీధిలో మాటలు పుట్టాయి. "ఏంది పిన్నమ్మా, టీచరమ్మ నీకు సువార్త సెప్తా ఉండాదంట?" అని ఎదురింటామె అడిగింది. "నాకు చెప్పడం లేదు. పరీక్ష జరుగుతా ఉండాది. మార్కులు నాకు కాదు, ఆమెకు" అన్నాను. అసలు ప్రమాదం మా ఇంట్లోనే ఉంది. మా వారు మిషను కాలేజీలో చదివారు. అక్కడ బైబిలు క్లాసు తప్పనిసరి. భోజనం దగ్గర ఒకరోజు, "ఆ కోడలి సంగతి చివరికి ఏమయిందో నాకు గుర్తుండాదే. చెప్పనా?" అన్నారు. చెప్పితే మర్నాటి నుంచి చారు ఆయనే కాచుకోవాలన్నాను. నలభై ఏళ్ళ సంసారంలో ఆయన భయపడి మానుకున్న పనులు తక్కువ. అది ఒకటి.

మూడో భాగం ఆషాఢంలో ముగిసింది. "నాలుగోది రేపు సదువుతానక్కా, ఈపొద్దు ఆయాసంగా ఉండాది" అంది. మర్నాటికి కాళ్ళూ ముఖమూ వాచిపోయాయి. ఆసుపత్రిలో చేర్చారు. నేను ఆ నాలుగో భాగం కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఆమె చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తిరిగి ఇచ్చేసింది.

"అక్షరాలు ఈదతా ఉండాయక్కా. పట్టుకోలేకుండా ఉండాను."

"రేపు చూద్దాంలే."

"ఎవురన్నా సెప్పేసినారా?"

"లేదు."

"అన్న?"

"ఆయనా చెప్పలేదు."

"సెవులు జాగర్తక్కా" అంది. ఆమె నాతో అన్న చివరి మాట అది.

బుధవారం పాకాలలో నేను గుప్పెడు మన్ను పట్టుకుని నా వంతు కోసం నిలబడి ఉన్నాను. పాస్టరుగారు మంచివారు. మంచిమాటే చెప్పబోయారు. "మన సోదరి ఆ కథలో కోడలి వంటిది. పరాయి జనాన్ని తన జనం అనుకుంది. ఆ కోడలికి చివరికి దేవుడు ఏమి చేశాడో మీకందరికీ తెలుసు..." అన్నారు. ఆ గుంపులో తెలియనిదాన్ని నేను ఒక్కదాన్నే. మన్ను పారేసి, కొంగుతో చెవులు మూసుకుని నడిచాను. ఆమె మీద వేయవలసిన మన్ను నేను వేయలేదు.

గంట తర్వాత మా వారు స్టేషను బెంచీ దగ్గరకు వచ్చారు.

"అందరూ చూసినారే."

"చూడనీండి."

"ఆయన చివరిదాకా చెప్పినాడు."

"మీరు నోరు తెరవొద్దు."

ప్యాసింజరు వచ్చాక ఎక్కి కూర్చున్నాం. అప్పుడు ఏడ్చాను.

మూడు భాగాలు విని నాలుగోది తెలియని మనిషిని ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను. నాకు తెలిసిపోతే నేనూ ఊరికే తల ఊపేదాన్ని అవుతాను. ఆ భాష చదవగలిగినవాళ్ళు ఈ జిల్లాలో ఇక ఎవరూ లేరు. ఆమె సరిగ్గా రాసిందో లేదో తెలియకుండానే పోయింది. అది తేలేదాకా ఆమె పని ముగిసినట్టు కాదు. కాబట్టి జరగవలసినవి ఇవి.

1. ట్రంకుపెట్టె మా ఇంట్లో ఉంది. ఎవరూ తెరవకూడదు. పాత కాగితాలని ఎవరికీ అమ్మేయకూడదు.

2. టీచరమ్మ తమ్ముడి కొడుకు ఆమె తెలుగు బైబిలును గుర్తుగా నాకిచ్చాడు. దానికి గుడ్డ చుట్టి, దారం కట్టి పైన పెట్టాను. పని పూర్తయ్యాక విప్పుతాను.

3. ఆ పల్లె పంతులుగారికి చర్చివాళ్ళు ఒక ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. మళ్ళీ రాయాలి. ఆయనే రావాలి, లేదా ఆ భాష తెలిసిన ఒకరిని పంపాలి. ఇంగ్లీషులో చెప్పినా నాకు చాలు. అచ్చుకు పంపేముందు నేను వినాలి.

4. నా ఎడమ చెవి ఇప్పటికే మందగించింది. వాళ్ళు వచ్చేలోపు నాకు ఏమైనా అయితే, మా కోడలికి మొదటి భాగం నుంచీ వినిపించాలి. ఆమె ఒప్పుకుంది. కాబట్టి ఆమెకు కూడా ఎవరూ ఏమీ చెప్పకూడదు.

5. పని అయ్యాక ఎవరైనా నన్ను ఒకసారి పాకాలకు తీసుకుపోవాలి.

6. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆ కథ తెలిసి ఉంటుంది. నేను ఎదురుపడితే దయచేసి చెప్పవద్దు. నాకు తెలిసిన కథ మూడో భాగం చివరనే ఆగి ఉంది. కోడలు రాత్రి కళ్ళంలో ఆ చేనాయనను తనను పెళ్ళాడమని అడిగితే, తనకంటే దగ్గరి చుట్టం ఒకడున్నాడని, పొద్దున అతన్ని అడిగి తేలుస్తానని అన్నాడు. తెల్లవారుతుండగా ఆమె ఆయన పోసిన గింజలు పైగుడ్డలో మూటకట్టుకుని ఇల్లు చేరింది. సంగతి ఏమయ్యేదీ తెలిసేదాకా కదలకుండా కూర్చోమని అత్త చెప్పింది. మూట మధ్యలో పెట్టుకుని ఇద్దరూ వాకిలి వైపు చూస్తూ కూర్చున్నారు. బయట ఇంకా ఎవరి అడుగుల చప్పుడూ లేదు.