మున్వర్ మేట్, ఐదున్నర గంటల బ్లాకు

పెనుకొండ స్టేషను వెనక ఖాళీ జాగాలో ఎవరో వంగి వంగి సున్నంతో గీతలు పోస్తుంటే, గీతాంజలి పిల్లల ఆటల పోటీలకేమో అనుకుంది. దగ్గరికి పోయాక మనిషిని గుర్తుపట్టింది. ఆయన మున్వర్, ఆమె సెక్షన్లో గ్యాంగు మేట్. పట్టాలు సరిచేసే ఇరవై మందికి పెద్ద. వయసు యాభై ఎనిమిది. చదువు ఎనిమిదో తరగతి. వాళ్ళ నాయన ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడట. మున్వర్ మాత్రం పాతికేళ్ళకే గడ్డపార పట్టి రైలు కట్ట ఎక్కాడు. ముప్పై మూడేళ్ళుగా ఆ కట్ట దిగలేదు.

గీతాంజలిది తలుపుల అనే ఊరు. వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, ఇంజనీరింగు చదివి, పరీక్ష రాసి రైల్వేలో జూనియర్ ఇంజనీరైంది. చేరి పదకొండు నెలలే అయింది. ఆమె చేతికి వచ్చిన మొదటి పెద్ద పని ఇది.

పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఒక పల్లె దగ్గర రైల్వే గేటు ఉంది. రైలు వచ్చినప్పుడల్లా గేటు పడేది. పొలాలకు పోయే ట్రాక్టర్లు, బడి ఆటోలు, కాన్పు నొప్పులతో ఆసుపత్రికి పోయే ఆడవాళ్ళు, అందరూ అక్కడ ఆగాల్సిందే. ఆ గేటు తీసేసి పట్టాల కింద దారి చేయాలి. ముందే పోసి ఆరబెట్టిన ఎనిమిది కాంక్రీటు పెట్టెలు గేటు పక్కన వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటి ముప్పై టన్నులు. పట్టాలు విప్పి పక్కన పెట్టి, కట్ట తవ్వి, పెట్టెలు దించి, మట్టి పూడ్చి, కంకర పోసి, పట్టాలు మళ్ళీ బిగించాలి. అందుకు రైళ్ళన్నీ ఆపి ఇచ్చే సమయం ఐదున్నర గంటలు. దాన్నే బ్లాకు అంటారు. ఒక ఆదివారం పొద్దున తొమ్మిది నలభై నుంచి మధ్యాహ్నం మూడు పది దాకా. పని చేసేవాళ్ళు ఎనభై ఆరుగురు. సగం మంది రైల్వే వాళ్ళు, సగం మంది కాంట్రాక్టరు మనుషులు.

గీతాంజలి వారం రోజులు కూర్చుని లాప్‌టాప్‌లో ఒక పట్టిక వేసింది. ఒక్కో పనికి ఒక్కో రంగు గీత. పట్టాలు విప్పడం నలభై నిమిషాలు, తవ్వడం గంటా నలభై, పెట్టెలు గంటన్నర, అట్లా చివరి బోల్టు దాకా. పై అధికారులు చూసి మెచ్చుకున్నారు. మున్వర్‌కూ చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూశాడు.

“బాగుండాది మేడం” అన్నాడు. “ఈ గీత అయిపోయినాక ఈ గీత మొదలయితాది. సరే. ఈ రెండిటి నడుమ ఈ సందులో ఎవరుండారు?”

“సందులో ఎవరూ ఉండరు. ఒకటి ముగిసిన వెంటనే రెండోది మొదలు.”

“అట్లనే అనుకుంటాం మేడం” అని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. “పదేండ్ల కిందట ఒకచోట ఇట్లాంటి పనికే పోయినా. అందురూ బాగా చేసినారు. తవ్వేటోడు బాగా తవ్వినాడు, క్రేనోడు బాగా ఎత్తినాడు. పని మాత్రం చెడిపాయ. ఏంటికంటే, మట్టి టిప్పర్లు వచ్చి క్రేను తిరిగే దారిలో నిలబడినాయి. వాళ్ళకు ఎవురూ చెప్పల్యా. ఏడు గంటలు రైళ్ళు నిలబడిపాయ. తప్పెవురిదని అడిగితే ఎవురిదీ కాదు. అందురూ వాళ్ళ వాళ్ళ గీతలోనే ఉండారు.”

గీతాంజలి తన పట్టికలోని సందులను మళ్ళీ ఒకసారి చూసింది. అందుకే పనికి ముందు రిహార్సలు పెడతానని ఆయన అడిగినప్పుడు, అదెట్లా ఉంటుందో తెలియకపోయినా సరేనంది.

స్టేషను వెనక సున్నం గీతలు ఆ రిహార్సలుకే. కట్ట ఎక్కడ, గొయ్యి ఎక్కడ, పెట్టెలు ఎక్కడ, టిప్పర్లు వచ్చే దారి ఏది, పోయే దారి ఏది, అన్నీ నేల మీద అసలు కొలతలతో గీశాడు. సాయంత్రం ఎండ తగ్గాక ఎనభై ఆరుగురినీ అందులోకి దింపాడు. క్రేను స్థానంలో ఒక ట్రాక్టరు నిలబెట్టాడు. పెట్టె అంటే నలుగురు మనుషులు మోసే తాళ్ళ చట్రం. మొదట అందరూ నవ్వుకున్నారు. మున్వర్ కూడా వాళ్ళతో పాటే నవ్వి, ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతూ పోయాడు.

“నీ పని నాకు చెప్పొద్దు. నీకు అది వచ్చు. నీ తర్వాత వచ్చేటోని పని ఏందో చెప్పు. వానికి నీ దగ్గర నుంచి ఏం కావల్ల?”

చాలామందికి తెలియలేదు. తవ్వేవాడు పోయి కంకర పరిచే ఆడవాళ్ళను అడగాల్సి వచ్చింది. కంకర పరిచేవాళ్ళు పోయి క్రేను వాళ్ళను అడిగారు.

క్రేను నడిపే సురేంద్రకు ఇదంతా నచ్చలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. ట్రాక్టరు మీదికి ఎక్కనన్నాడు. “నాకు ఈ నాటకాలు ఏంటికప్పా? పెట్టె చూపిస్తే ఎత్తుతా, గుంత చూపిస్తే దించుతా.”

మున్వర్ వాదించలేదు. పోయి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. “నిజమే సురేంద్రా. నీకు నేర్పేదేం లేదు. నాకే ఒకటి చెప్పు. క్యాబిన్‌లో కూర్చుంటే నీకు ఏం కనపడదు?”

సురేంద్రను అట్లా ఎవరూ అడిగినట్టు లేదు. “పెట్టె అవతల పక్క కనపడదు” అన్నాడు. “ఆడ ఎవురన్నా చెయ్యి పెట్టినా నాకు తెలీదు. అదే భయం.”

ఆ అవతలి పక్కకు మున్వర్ ఎస్తేరమ్మను పెట్టాడు. ధర్మవరం ఆమె. భర్త పోయాక ఆయన ఉద్యోగంలో చేరి, పదేళ్ళుగా గ్యాంగులో పనిచేస్తోంది. రెండు జెండాలు పట్టుకొని నిలబడితే ఫర్లాంగు దూరానికి ఆమె సైగ అర్థమవుతుంది. ఆమె జెండా దించితేనే పెట్టె దిగాలి. మరుసటి సాయంత్రం సురేంద్ర తానే వచ్చి ట్రాక్టరెక్కాడు.

ఇంకొక మాట కూడా మున్వర్ అందరికీ చెప్పాడు. ఎర్ర గుడ్డ ముక్కలు తెచ్చి ఎనభై ఆరుగురికీ పంచాడు. ఏదైనా తేడాగా కనిపిస్తే ఎవరైనా సరే ఎత్తొచ్చు. గుడ్డ లేచిందంటే అందరూ ఆగాలి. ఎత్తినవాళ్ళను ఎవరూ ఒక్క మాట అనకూడదు.

మూడు సాయంత్రాలు అట్లా నడిచాయి. మూడో రోజు గీతాంజలి గడియారం పట్టుకొని చూసింది. మొదటి రోజు ఒకరి మీద ఒకరు పడిన చోట ఇప్పుడు దారులు ఏర్పడ్డాయి.

ఆదివారం తొమ్మిది ముప్పై ఎనిమిదికి చివరి రైలు ధర్మవరం వైపు వెళ్ళిపోయింది. పై తీగల్లో కరెంటు తీసేశారు. తొమ్మిది నలభైకి బ్లాకు వచ్చింది.

అంతమంది మనుషులున్నా అరుపులు లేకపోవడం గీతాంజలికి మొదట విచిత్రంగా తోచింది. పట్టాలు, వాటి కింద అడ్డంగా ఉండే స్లీపర్లతో సహా లేచి పక్కకు పోయాయి. పొక్లెయిన్లు కట్ట మీద పడ్డాయి. నూరేళ్ళకు పైగా రైళ్ళు మోసిన మట్టి ఎర్రగా, నల్లగా, మళ్ళీ ఎర్రగా పొరలు పొరలుగా బయటికి వచ్చింది. పల్లె జనమంతా దూరంగా తాడు అవతల నిలబడ్డారు. పదకొండు గంటల యాభై నిమిషాలకు గొయ్యి తయారైంది. ఆడవాళ్ళు దిగి కంకర పరచడం మొదలుపెట్టారు. డివిజను నుంచి వచ్చిన పెద్దాఫీసరు గడియారం చూసుకొని తల ఊపాడు. పట్టిక కంటే పది నిమిషాలు ముందున్నారు.

అప్పుడు గొయ్యి మూలలో ఎర్ర గుడ్డ లేచింది.

ఎత్తింది కుళ్ళాయమ్మ. గోరంట్ల దగ్గరి నుంచి కూలికి వచ్చిన మనిషి. పొక్లెయిన్లు ఆగాయి. క్రేను ఆగింది. ఎండలో ఎనభై ఆరుగురూ ఉన్నచోటే నిలబడ్డారు.

“ఎవరు ఆపమన్నారు?” అని పెద్దాఫీసరు పైనుంచి అడిగాడు.

మున్వర్ అప్పటికే గోతిలోకి దిగాడు. “ఏమైందక్కా?”

“ఈడ నేల మెత్తగుండాది అన్నా. అడుగు వేస్తే దిగబడతాండాది. నాకు అట్ల అనిపించింది. కాకపోతే తిట్టొద్దండి.”

“ఎత్తినావు చూడు, అదే పని” అని మున్వర్ గడ్డపార తీసుకొని పొడిచాడు. నాలుగో పోటుకు గడ్డపార మూరెడు లోపలికి జారింది. తీస్తే కొనకు తడి మట్టి అంటుకుంది. ఎప్పుడో పూడ్చేసిన పాత కాలువ. దాని మీద పెట్టె దించి ఉంటే ఆ రోజుకు నిలబడేదే. మొదటి వానకు ఒక మూల కుంగేది, పైన పట్టాలు వంగేవి. ఆఫీసరు పైనుంచి చెయ్యి ఊపి కానివ్వమన్నాడు.

మెత్తటి మట్టి తీసి బండరాళ్ళతో నింపాలి. ఇరవై ఎనిమిది నిమిషాల పని. పట్టికలో అన్ని నిమిషాలు ఎక్కడా ఖాళీగా లేవు. గీతాంజలి కాగితాలు తిరగేసింది. ఏ గీతను ఎక్కడ జరపాలో తోచలేదు. మున్వర్‌ను అడుగుదామని తలెత్తింది.

అప్పుడు ఆమెకు కనిపించింది.

మధ్యాహ్నం ఒకటిన్నరకు తినాల్సిన కంకర గ్యాంగు అప్పుడే చెట్ల నీడకు పోయి అన్నం మూటలు విప్పింది. ఇప్పుడు తింటే తర్వాత ఆగాల్సిన పని లేదు. టిప్పర్లు ఒక్కొక్కటిగా వెనక్కి తిరిగి, వస్తూనే మట్టి పోయగలిగేట్టు వెనక భాగం గొయ్యి వైపు పెట్టుకొని వరుసలో నిలబడ్డాయి. పట్టాలు బిగించేవాళ్ళు బోల్టులన్నీ గోనెసంచి మీద పరిచి నూనె రాస్తున్నారు. సురేంద్ర క్యాబిన్ దిగి, మొదటి పెట్టెకు ఒక జత ఇనుప తాళ్ళు, రెండో పెట్టెకు ఇంకో జత తగిలిస్తున్నాడు. ఒక పెట్టె దిగేలోపు రెండోది సిద్ధంగా ఉంటే పెట్టెకు మూడు నిమిషాలు మిగులుతాయి. ఎనిమిది పెట్టెలకు ఇరవై నాలుగు.

ఎవరు చెప్పారని చూసింది. మున్వర్ గోతిలో మోకాళ్ళ మీద కూర్చుని, కుళ్ళాయమ్మ అందించే రాళ్ళను ఒక్కొక్కటిగా పేరుస్తున్నాడు. తలెత్తి చూడడమే లేదు. ఎస్తేరమ్మ జెండాలు చంకలో పెట్టుకొని రాళ్ళు అందించే వరుసలో నిలబడింది. అంతా ఎవరికి వారే చేస్తున్నారు, అయినా ఒకరు చేస్తున్నది ఇంకొకరికి అందుతోంది. చీమల బారును చిన్నప్పుడు తలుపులలో పొలం గట్టు మీద కూర్చుని గంటలు గంటలు చూసేది గీతాంజలి. మనుషులను అట్లా చూడడం అదే మొదటిసారి. ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టేసి, పోయి రాళ్ళ వరుసలో చేరింది.

పన్నెండున్నర లోపే మొదటి పెట్టె గాలిలోకి లేచింది. ముప్పై టన్నుల బరువు తాళ్ళకు వేలాడుతూ, ఎస్తేరమ్మ మోచెయ్యి ఎటు కదిలితే అటు కదిలింది. ఆమె జెండా దించింది. పెట్టె చప్పుడు లేకుండా కూర్చుంది. తాడు అవతల ఉన్న పల్లె జనం ఊపిరి వదలడం ఇటువైపుకు వినిపించింది. రెండు, మూడు, నాలుగు. ఎనిమిదో పెట్టె దిగేసరికి పోయిన సమయంలో చాలా భాగం వెనక్కి వచ్చింది. మట్టి పడింది, కంకర పడింది, పట్టాలు వచ్చి కూర్చున్నాయి.

మూడు గంటల నాలుగు నిమిషాలకు మున్వర్ చివరి బోల్టును సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, గీతాంజలి వైపు తల ఊపాడు. ఆమె బ్లాకు వదిలినట్టు స్టేషనుకు ఫోన్ చేసింది. తొందరలో నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

మొదట వచ్చింది గూడ్సు బండి. నడిచే మనిషి వేగంతో వచ్చింది. ఎనభై ఆరుగురూ కట్టకు రెండు పక్కలా నిలబడ్డారు. పన్నెండింటికి నేలే లేని చోట ఇప్పుడు ఇంజను నిలువెత్తున కదులుతోంది. ఆ బరువు బూట్ల గుండా, మోకాళ్ళ గుండా గీతాంజలి గుండెల దాకా వచ్చింది. ఒకదాని వెనక ఒకటి యాభై ఎనిమిది వ్యాగన్లు పోయాయి. కుళ్ళాయమ్మ రెండు చేతులూ జోడించింది, రైలుకో దేవునికో తెలియదు.

ఆ వానాకాలం వర్షాలు బాగా పడ్డాయి. అండర్‌బ్రిడ్జి వెంట్రుకవాసి కూడా కుంగలేదు.

ఏడాది తర్వాత హిందూపురం వైపు ఇలాంటిదే ఇంకో పని వచ్చింది. మున్వర్‌నే పంపమన్నారు. ఆయన రిటైరు కావడానికి రెండు నెలలే ఉంది. “ఎస్తేరమ్మను పంపండి మేడం” అన్నాడు. “ఇప్పుడు తనూ మేటే. నేనుంటే అందురూ నా మొగం చూస్తారు.”

ఆ పని ఎస్తేరమ్మ చేయించింది. సున్నం గీతలు ఆమే పోసింది. ఆ రోజు మున్వర్ సెలవు పెట్టి, హిందూపురంలో ఉన్న కూతురు ఫర్హానా ఇంటి నుంచి బస్సులో వచ్చి, తాడు అవతల ఊరి జనంలో నిలబడ్డాడు. గీతాంజలి చూసి దగ్గరికి పోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఐదు గంటలపాటు చేతులు వెనక్కి కట్టుకొని అక్కడే నిలబడ్డాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకసారి టిప్పరు కాస్త పక్కకు వచ్చినప్పుడు ఆయన అడుగు ముందుకు పడబోయింది. అంతలోనే లోపల ఎవరో దాన్ని సర్దేశారు. ఆయన ఆగిపోయాడు.

పెట్టెలు ఒక్కొక్కటే గాలిలో తేలి వచ్చి కూర్చుంటుంటే, మున్వర్ నోరు కొంచెం తెరుచుకొని, చిన్నపిల్లాడు తేరు చూసినట్టు చూశాడు.

“ఇట్లుంటాదా మేడం, బయట నుంచి చూస్తే?” అన్నాడు చివరికి. “ముప్పై నాలుగేండ్లు లోపలే ఉండి చేసినా. ఒక్కసారన్నా చూడల్యా.”