ఒళ్ళో చేతులు

పొద్దున్న ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేసరికి పక్కింటి దొడ్లోంచి ఎండు కొబ్బరాకు కాలుతున్న వాసన వచ్చింది. కొత్తపేటలో అదేమంత వింత కాదు, ఎవరో నీళ్ళు కాచుకుంటుంటారు. నాకు మాత్రం ఆ పొగ ముక్కుకి తగిలితే చాలు, బోర్లించిన కుండ పక్కన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సత్యవతి గారు కనిపిస్తారు. ఇవాళ నేను నలుగురికి వెబ్‌సైట్లు చేసిపెట్టి బతుకుతున్నానంటే, అలా కూర్చోవడం ఆవిడ దగ్గర నేర్చుకోబట్టే.

ఆవిడది ఆత్రేయపురం. పెరటి పాకలో కొబ్బరాకుతో మండే ఆరు పొయ్యిలు, వాటి మీద బోర్లించిన ఆరు కుండలు, వీధి వైపు పూతరేకుల కొట్టు. ముసురు పట్టిందంటే గాలిలో తేమకి రేకు మెత్తబడిపోతుంది, చుట్టడానికి పనికిరాదు. ఆ రోజుల్లో ఆవిడ పొయ్యి వెలిగించేవారు కాదు. సంగతి తెలియక ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో వెనక్కి వెళ్తుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. రేకులు ఉన్నాయో లేవో జనం ఇంట్లోంచి బయల్దేరకముందే తెలిసేలా ఒక వెబ్‌సైట్ కావాలని నన్ను పిలిపించారు. ఆ ఒక్క మాటా రోజూ తనే మార్చుకోవాలట.

అప్పటికి నా కంప్యూటర్ కోర్సు పూర్తయి రెండు నెలలు. నా మొదటి బేరం ఆవిడే. వెబ్ పేజీని హెచ్‌టీఎంఎల్ అనే భాషలో రాస్తారు, రాయడానికి వాడే సాఫ్ట్‌వేర్‌ని ఎడిటర్ అంటారు. నా దగ్గర మూడు ఎడిటర్లు ఉండేవి. ఒకదానిలో ప్రతి గుర్తూ మన చేత్తోనే కొట్టాలి. ఇంకోదానిలో తెర నిండా మీటలే. మూడోదానిలో పేజీ మీదే కావలసిన చోట నొక్కి మాట మార్చేస్తే, వెనకాల ఆ భాష దానంతటదే తయారవుతుంది. దాచుకోవడమెందుకు, ఆవిడకి మొదటిది అంటగట్టాలనే వెళ్ళాను. తేలికైనది ఇచ్చేస్తే ఇక నన్నెవరు పిలుస్తారు? ముసురు పట్టినప్పుడల్లా నాకు ఫోను రావాలి, నేను వెళ్ళి మార్చాలి. అదీ నా తెలివి.

తెర మీద బారులు తీరిన గుర్తుల్ని ఆవిడ కాసేపు చూశారు. పొయ్యి దగ్గర పనుంది రమ్మని నన్ను పాకలోకి తీసుకెళ్ళారు. అక్కడ వెంకటలక్ష్మి అనే నడివయసు మనిషి, ముందురోజే పనిలో చేరిందట, పలచటి పిండిలో గుడ్డ ముంచి కాలుతున్న కుండ మీద పరుస్తోంది. ఒక రేకు చిరిగింది, ఇంకోటి మాడింది, మరోటి ముక్కలైపోయింది. సత్యవతి గారు పక్కన పీట మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా చూస్తున్నారు. నాకే ఉండబట్టలేదు. మీరొకసారి చేసి చూపించకూడదా పిన్నిగారూ అన్నాను.

"చూపించడం నిన్ననే అయ్యిందమ్మా. ఇవాళ కూడా నేను చెయ్యి పెడితే ఆ రేకు నాదవుతుంది, ఆవిడది అవదు" అన్నారు.

ఎన్ని పాడయ్యాయో గుర్తులేదు. ఆఖరికి ఒక రేకు అంచు లేచి, చిరగకుండా వెంకటలక్ష్మి చేతికొచ్చింది. ఆ మొహం చూసి తీరాలి. అప్పుడు సత్యవతి గారు లేచి, కొట్లో పార్సిళ్ల చీటీలు కొట్టే కంప్యూటర్ ముందు కూర్చుని, పక్కనే నాకు పీట వేశారు. నేను తెచ్చిన ఎడిటర్లన్నీ దాన్లో పెట్టమన్నారు. మాట తను మారుస్తారట. నేను చేతులూ నోరూ కట్టేసుకుని కూర్చోవాలట.

మొదటిదానిలో "ఉన్నాయి" అన్నది చెరపబోతే పక్కనున్న గుర్తు కూడా పోయి, పేజీలో అక్షరాలన్నీ ఏనుగంత అయ్యాయి. రెండోదానిలో మీటల మధ్య ఆవిడ దారి తప్పారు. నా చెయ్యి రెండుసార్లు లేచింది, ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది. ఇంకేం లేదా అని అడిగారు. లేదండీ అన్నాను. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు, చెవులు ఎర్రబడిపోతాయి.

"నేను పిలవకపోతే నీకు పనుండదని భయమా అమ్మా?" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. సిగ్గుతో తల వంచుకునే మూడోది తెరిచాను. ఆవిడ మాట మీద నొక్కారు, చెరిపారు, ఒంటి వేలితో "లేవు" అని కొట్టి సేవ్ చేశారు. ఫోనులో తెరిచి చూసుకున్నారు. మళ్ళీ "ఉన్నాయి" అని మార్చి, మళ్ళీ చూసుకున్నారు. అచ్చం వెంకటలక్ష్మి మొహమే.

"నా చేత అయ్యిందని నలుగురికీ చెప్తానమ్మా. నీకు వచ్చని చెప్తే ఎవరికి కావాలి?" అన్నారు.

చెప్పారు కూడా. రాజోలు బట్టల కొట్టువాళ్ళు, అమలాపురంలో కొబ్బరి పీచు తాళ్ళవాళ్ళు, అందరూ ఆవిడ మాట విని వచ్చినవాళ్ళే. మొదటి ముసురు రోజున భయపడుతూనే ఆ పేజీ తెరిచాను. ఈరోజు రేకులు లేవు అని ఉంది. దానికింద నేను పెట్టని మాట ఇంకోటి ఉంది: దూరం వాళ్ళు ఎండ చూసుకుని బయల్దేరండి. అంతలోనే ఆవిడ ఫోను. ఏమైందో అనుకుంటూ ఎత్తాను.

"ఏం అవలేదమ్మా, ఒక మాట చేర్చేను. ఊరికే, నువ్వు చూస్తావని చేసేను."

చూసేను, బాగుందండీ అన్నాను. "ఆయ్" అని పెట్టేశారు. ఆ తరవాత ఎన్నిసార్లు ఫోను చేసినా అందుకే చేశారు. ఒక్కసారి కూడా సాయం అడగలేదు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. కొట్టు కోడలు చూసుకుంటోంది. ముసురు పట్టిన పొద్దున్న ఆ పేజీ తెరిస్తే మాట మారే ఉంటుంది. ఆ అమ్మాయికి నేర్పింది నేను కాదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఇవాళ నా ముందు కూర్చున్నది కొబ్బరి మొక్కలు అమ్మే వెంకట్రావు గారు. ఒక ఫోటో మార్చడానికి ఆయన పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. నా చెయ్యి లేచింది, ఇన్నేళ్ళయినా లేస్తూనే ఉంటుంది. దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను. ఫోటో తలకిందులుగా పడింది, మాయమైంది, చివరికి కుదురుగా కూర్చుంది. ఆయన వెళ్ళిపోయాక సాయంత్రం ఫోను చేశారు. ఏమైనా ఇబ్బందా అండీ అని అడిగాను.

"అబ్బే, ఏం లేదండీ. ఇంకో ఫోటో నేనే పెట్టేను. ఊరికే, మీరు చూస్తారని చేసేను" అన్నారు.