పోయిన కరెంటు

కరెంటు పోవడం వేరు, తీసేయడం వేరని ఆ రోజు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే మస్తానయ్య ఆగేవాడా? గురవమ్మను తలచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది.

బోగోలు అవతల, సముద్రపు హోరు వినిపించే రొయ్యల గుంటల దగ్గర ఆ మొగుడూ పెళ్లాలు కాపలా ఉండేవాళ్లు. ఒకసారి, నీళ్లు చిలికే ఏరియేటర్ రెక్కలకు నాచు చుట్టుకుంది. కరెంటు పోయిందని పక్క గట్టు మీంచి ఎవరో కేకేశారు. ఇదే సందని మస్తానయ్య పంచె ఎగ్గట్టి, పెళ్లాంతో "పోయొస్తా" అని నీళ్లలోకి దిగాడు. పోయిన కరెంటు వచ్చింది. పోయొస్తానన్న మనిషి రాలేదు.

అప్పటినుంచి గురవమ్మ ఎక్కడికి బయలుదేరినా ఆ మాట అనదు. కొందరు పొగరనుకున్నారు. ఇంట్లో బట్టలారేసే ఇనుప తీగ విప్పించి నైలాను తాడు కట్టించింది. బల్బు మార్చాలన్నా మెయిన్ దించి, ఫ్యూజు పీకి కొంగున ముడేసుకునేది. ఊరి కరెంటంతా మాయమ్మ కొంగులోనే ఉందని కూతురు రోజా నవ్వేది.

మొన్న వానల్లో, ఇప్పుడు అవే గుంటలకు కాపలా ఉంటున్న అల్లుడు శివశంకర్‌కి గురవమ్మ అన్నం తీసుకుపోయింది. పొద్దు వాలుతోంది. సముద్రం మీద మబ్బు నల్లగా కూర్చుంది. గాలాడక రొయ్యలు పైకి తేలుతున్నాయి. ఏరియేటర్‌కి చిక్కిన వల ముక్క కోయాలని అల్లుడు కత్తి పట్టుకుని గట్టు దిగుతున్నాడు.

"దిగబాక, శంకరా. కరెంటు తీసినావా?"

"ఊరంతా పోయిందిలే అత్తా."

"పోయిందా అని అడగలా. తీసినావా అని అడిగినా."

అతను నవ్వాడు. ఆమె షెడ్డులోకి పోయి, చేతులు తుడుచుకొని, ఎండు చెక్క మీద నిలబడి మెయిన్ దించింది. ఫ్యూజులు పీకి కొంగున ముడేసి, ఇప్పుడు దిగమంది.

అతను నడుము లోతు నీళ్లలో ఉండగా చుట్టుపక్కల లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పక్క గుంటల్లో రెక్కలు గిర్రున తిరిగాయి. ఈ గుంటలో ఏదీ కదల్లేదు. శివశంకర్ తన చేతి కిందున్న రెక్కను చూశాడు. అత్తను చూశాడు. నవ్వు లేదు.

అతను గట్టెక్కాక ఆమె ముడి విప్పి ఫ్యూజులు పొడి గోనె మీద పెట్టింది. అంతలో లైట్లు మళ్లీ ఆరిపోయాయి. పోయింది, పోయిందని పక్క గట్టు మీద ఎవరో కేకేశారు. ఆ వెంటనే మనిషి నీళ్లలోకి దిగిన చప్పుడు.

గురవమ్మ ఆ చీకట్లోకి గబగబా నడిచింది, అల్లుడితో ఒక్క మాటైనా అనకుండానే.