జీతానికి బదులు వచ్చిన రాయి

మా నాయనకు జీతానికి బదులు ఒక సమాధి రాయి ఇచ్చారు. ఈ మాట చెబితే విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వండి, నేను కూడా చాలాసార్లు నవ్వించడానికే చెప్పాను. కానీ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ రాయి మీది ముఖం గుర్తుకొస్తే మాత్రం లేచి వెళ్లి వీధి తలుపు తీసి పెట్టుకుంటాను.

మదనపల్లెలో మా నాయన బోర్డులు రాసేవాడు. అంగళ్ల పేర్లు, లారీల వెనక మాటలు, సినిమా హాలు ముందర హీరోల మొహాలు. ఎన్నికలొస్తే ఎర్రజెండా పార్టీకి గోడలు కూడా రాసేవాడు. దానికి కూలి అడిగేవాడు కాదు. "వాళ్లు గెలిసేది లేదు, నువ్వు మారేది లేదు" అని మా అమ్మ సణుగుతూనే రంగు డబ్బాలు కడిగి పెట్టేది.

రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చే పత్రికలంటే నాయనకు ప్రాణం. చవగ్గా వచ్చేవి, కాగితం నున్నగా ఉండేది. ఆయన చదివేశాక అవి నా బడి పుస్తకాలకు అట్టలయ్యేవి. నా లెక్కల పుస్తకం మీద మంచులో నిలబడి నవ్వుతున్న పిల్లల ఫోటో ఉండేది. బూరెల్లాంటి బుగ్గలు, బొచ్చు టోపీలు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. నాకు ఆ బుగ్గలూ లేవు, ఆ టోపీలూ లేవు, పైగా వాళ్లు నవ్వుతుంటే నేను భిన్నాలు చెయ్యాలి. "ఆ దేశంలో పని లేని మనిషి ఉండడు పాపా. మందుల్లేక సచ్చే మనిషి ఉండడు" అనేవాడు నాయన. నేను నమ్మాను. చిన్నపిల్లని కదా, నాయన చెబితే నమ్మక ఏం చేస్తాను.

తొంభై ఒకటి చివర, ధనుర్మాసం చలిలో ఒక సాయంత్రం ఆయన రేడియో దగ్గర్నుంచి లేచి వచ్చి వంటింటి గడప మీద కూలబడ్డాడు.

"ఆ దేశం పోయిందే" అన్నాడు అమ్మతో.

అమ్మ సంకటి గెలుకుతోంది. "దేశం యాడికి పోతాది? ఆడే ఉంటాది. లేసి కాళ్లు కడుక్కో, సంకటి ఆరిపోతాది."

నేను పడీ పడీ నవ్వాను. నాయన నవ్వలేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ గోడలు రాయడానికి పోలేదు.

కొన్నాళ్లకు బోర్డుల పని కూడా పలచబడింది. స్టిక్కర్లు కత్తిరించే మిషన్లు వచ్చాయి. అప్పుడే కుప్పం దగ్గర ఒక గ్రానైటు ఫ్యాక్టరీ యజమాని నాయన్ని పిలిపించాడు. ఆ పక్క క్వారీల్లో దొరికే నల్లరాయిని కోసి, అద్దంలాగా పాలిష్ పట్టి, కంటైనర్లలో మద్రాసు రేవుకు పంపేవాళ్లు. ఇప్పుడు కొత్త రకం ఆర్డరు వచ్చిందట. సమాధి రాళ్లు, వాటి మీద చచ్చిపోయినవాళ్ల ముఖాలు. ఫోటో చూసి, వజ్రం మొనున్న సూదితో చుక్క చుక్కగా పొడుస్తూ పోతే నల్లరాతి మీద తెల్లగా మనిషి లేస్తాడు. సినిమా బ్యానర్లు వేసిన చేతికి అదేమంత కష్టం కాలేదు.

ఆ ఆర్డరు ఎక్కణ్ణుంచి వచ్చిందో వినగానే నాయన ముఖం వెలిగింది. ఆయన పత్రికల దేశం, ఇప్పుడు ముక్కలైన దేశం.

నాకు డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఇంట్లో ఉంటే అమ్మతో రోజూ కయ్యం. అందుకని బస్సెక్కి పుంగనూరు, పలమనేరు దాటి కుప్పంలో నాయన దగ్గరికి పోయి నెలల తరబడి ఉండేదాన్ని. కూర్చుని తినడమెందుకని జుట్టూ, చొక్కా మడతలూ పొడవడం నేర్చుకున్నాను. కళ్లు మాత్రం నాయన ముట్టనిచ్చేవాడు కాదు. దేవుడి విగ్రహానికి కన్ను చివర తెరుస్తారే, ఆయన కూడా అలాగే కళ్లు చివర పెట్టేవాడు, అదీ స్నానం చేసి వచ్చి. "నువ్వు దేవుడే లేడంటావు, నీకెందుకు నాయనా ఈ మడి?" అని ఏడిపించేదాన్ని.

"దేవుడు లేకుంటే లేకపోనీ. కన్ను తెరిసినాంక ఈయప్ప మనల్ని సూస్తాడు. మన పూచీ అయిపోతాడు" అనేవాడు.

ఫోటోలు వస్తున్నకొద్దీ ఆయన మాటలు తగ్గిపోయాయి. వాటిలో ముసలివాళ్లు తక్కువ. అందరూ ముప్పై, నలభైల మగవాళ్లు. అందరివీ ఈ రెండు మూడేళ్లలోని చావులే. ఫోటో వెనక రాసిన పుట్టిన ఏడు, పోయిన ఏడు, అంకెలు మనం రాసేవే కాబట్టి నేనూ చదివేదాన్ని. ఒకరోజు బెంగుళూరు నుంచి ఆర్డర్లు తెచ్చే ఏజెంటును నాయన నిలబెట్టి అడిగాడు. ఆ ఏజెంటు పలమనేరు వైపు మనిషే, మాటకారి.

"ఆడ యుద్ధమేమన్నా జరగతాండాదా అప్పా?"

"యుద్ధమెందుకు పెద్దాయనా, మార్కెట్టు వచ్చినాది సాలదా?" అన్నాడు ఏజెంటు బీడీ వెలిగించుకుంటూ. "సర్కారు ఫ్యాక్టరీలన్నీ ఒక్క తూరి అమ్మకానికి పెట్నారు. జనానికి తలా ఒక కూపన్ ఇచ్చి, ఇదిగో నీ వాటా అన్నారంట. ఆకలేసినోడు కూపన్ నాక్కుంటాడా? అమ్ముకున్నాడు. కొన్నోడు దొరైనాడు. ధరలు పగ్గం తెంపుకున్నాయి. జీతాలు లేవు. తువ్వాళ్ల ఫ్యాక్టరీలో జీతానికి బదులు తువ్వాళ్లు, గిన్నెల ఫ్యాక్టరీలో గిన్నెలు. అవి రోడ్డు పక్కన పెట్టుకోని అమ్ముకోవాల. మగోళ్లు తాగి తాగి రాలిపోతాండారు. ఆడ రాళ్లు చెక్కేవాళ్ల కాడ వరస పెద్దదైపోయింది, అందుకే మన దాకా వచ్చినాది."

"గిన్నెలు జీతమా!" అని షెడ్డులో అందరూ నవ్వారు. శాంతిపురం నుంచి వచ్చే రాయి కోసే మనిషి ఒకడు, "మనకి రాళ్లిస్తారేమో లేప్పా, పండక్కి వండుకుందాం" అన్నాడు. నాయన ఒక్కడే నవ్వలేదు. నాకు మా అమ్మ మాట గుర్తొచ్చింది. దేశం ఆడే ఉంది. మనుషులే పోతున్నారు.

తయారైన రాళ్లు షెడ్డు గోడకు ఆనించి ఉండేవి. పడమటి ఎండ లోపలికి పడే వేళకు ముఖాలన్నీ ఒక్కసారి తెల్లగా తేలేవి. ఆ పక్కకు నీళ్లు తాగడానికి కూడా ఎవరూ పోయేవాళ్లు కాదు. నాకు భయం కాదు, ఇంకేదో. వాళ్లలో నా లెక్కల పుస్తకం మీది పిల్లలు ఉన్నారేమోనని వెతికేదాన్ని. ఉండరని తెలుసు. తెలిసి కూడా ఒక్కొక్క బుగ్గా చూస్తూ పోయేదాన్ని, ఒకప్పుడు వాళ్లను చూసి అంత కుళ్లుకున్నదాన్ని.

తొంభై ఎనిమిదిలో వచ్చిన ఫోటోల్లో ఒక కుర్రాడు ఉన్నాడు. చెవులు దొప్పల్లాగా బయటికి, నోరంతా నవ్వు. నేను పుట్టిన ఏడే పుట్టాడు. కింద చెక్కాల్సిన రెండు మాటలు చూపించి ఇదేమిటని ఏజెంటును అడిగాను.

"అమ్మ నుంచి, అని" అన్నాడు. "ఆ యమ్మ దుడ్లు ముందే కట్టేసినాది పాపం, ఏమి అమ్ముకున్నాదో ఏమో."

ఆ రాయికి నాయన జుట్టు కూడా నాకివ్వలేదు. మొత్తం ఆయనే పొడిచాడు. కళ్లు తెరిచిన రోజు అన్నం తినలేదు.

ఆ ఏడు వినాయక చవితికి కాస్త ముందు ఆ దేశపు డబ్బు పడిపోయింది. నిన్న బియ్యం కొన్న నోటు ఇవాళ చిత్తుకాగితం. అక్కడ రాళ్లు దించుకునే వ్యాపారి దుకాణం మూసి పారిపోయాడట. ఏజెంటు రావడం మానేశాడు. షెడ్డులో ముఖాలు అలాగే నిలబడిపోయాయి, తీసుకుపోయేవాళ్లు లేకుండా. మాకు జీతాలు ఆగిపోయాయి.

చివరికి యజమాని అందర్నీ పిలిచి చేతులు జోడించాడు. "నా కాడ దుడ్లు లేవప్పా. రాయి ఉండాది. తలా ఇంత తీసుకోండి. ఈ మొగాలుండేటివన్నీ మళ్లా పాలిష్‌కి పెట్టి తుడిపేస్తా, పుంగనూరులో గుడ్డలంగడి కట్టేవాళ్లు మెట్లకి అడగతాండారు."

శాంతిపురం మనిషి ఈసారి జోకు వెయ్యలేదు. తల గోక్కుంటూ, "నేను ఊరికే అన్నింటినప్పా ఆ పొద్దు" అన్నాడు.

మిషన్ కింద ఒక్కొక్క ముఖం పోతుంటే నాయన బయట వేపచెట్టు కింద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సాయంత్రానికి లోపలికి వచ్చి ఆ కుర్రాడి రాయి మీద చెయ్యి వేశాడు. "నాకిది ఇయ్యండి."

"సావు రాయి ఏం చేసుకుంటావు పెద్దాయనా? నున్నది తీసుకో, వంటగట్టుకన్నా వస్తాది."

"తల్లి కట్టేసిన రాయి ఇది. తుడిపేదానికి నీదీ కాదు, నాదీ కాదు. దోవ దొరికినప్పుడు పంపిస్తా."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇంట్లో ఉప్పుకూ పప్పుకూ వెతుక్కుంటున్నాం, ఈయనకు ఎక్కడి తల్లో కావాల్సి వచ్చింది. ఆ కోపం నేను దాచుకోలేదు. రాయిని మదనపల్లె పోయే లారీలో వేయించి బస్సెక్కినప్పుడు ఆయన పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చున్నాను.

అమ్మ అయితే గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఎవురి సావో నా ఇంట్లోకి తెస్తావా? ఇల్లు నిలస్తాదా?" ఆవిడ చెప్పిందీ న్యాయమే. చివరికి రాయి రామకుప్పం దగ్గర మా మేనమామ చేను చేరింది. అడవి అంచు చేను. దోవ దొరికేదాకా గట్టు మీద ఉండనీ అని నాయన దాన్ని నిలువునా పాతి, గోనెపట్టా కప్పి వచ్చాడు.

ఆ ఏడు రాగులు కోతకొచ్చిన వేళ ఏనుగులు దిగాయి. చుట్టూ చేలన్నీ తొక్కాయి, మామ గట్టు దాకా వచ్చి తిరిగిపోయాయి. ఇంకేముంది! అమావాస్యకు గోనెపట్టా పోయి పసుపూ కుంకుమా వచ్చాయి. ఆ పక్క పొలాల్లో పోరులో చచ్చిన వీరుల రాళ్లు, ఎప్పటెప్పటివో వీరగల్లులుంటాయి, ఎవరి ముఖమో తెలియకపోయినా పసుపు పూసి మొక్కుతారు. దీన్నీ ఆ లెక్కలో కలిపేశారు.

"మీ రాయి శానా మహిమ కలది బావా" అన్నాడు మామ.

"వాడు మనిషిరా!" అని నాయన అరిచాడు. "అమ్మ ఉండే మనిషి!"

"వీరగల్లు మీద ఉండేది మాత్రం ఎవురు బావా? అందురూ అమ్మకి పుట్నోళ్లే."

ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. పుంగనూరులో ఆ గుడ్డలంగడికి ఒకసారి వానలో పోయాను. తడిసిన మెట్టు మీద కాలు పెట్టబోతే కన్ను కనబడింది. మిషన్ పట్టిన రాయిలో ఏమీ మిగలదని నాకు బాగా తెలుసు. అయినా కాలు పెట్టలేకపోయాను. ఈనాటికీ ఆ అంగడిలో చీర కొనలేదు.

నాయన మాత్రం ప్రతి చలికాలం అదే మాట. "ఆ తల్లి మంచులో యాడ కూకోని ఏడస్తాదో, ఎదురుగా రాయి కూడా లేకుండా." రెండు వేల అయిదు దాటాక ఒకరోజు ఏజెంటు వెతుక్కుంటూ వచ్చాడు, జుట్టుకు రంగేసుకుని. ఆ దేశానికి నూనె బావుల డబ్బు వచ్చిందట, మళ్లీ ఆర్డర్లు మొదలయ్యాయట, ఇప్పుడు ముఖాలు మిషన్లే పొడుస్తున్నాయట. నాయన ఇవేమీ వినలేదు. రాయి వెనక రంగుతో రాసిన ఊరి పేరు, నంబరు చెప్పాడు. "ఆ ఊరికి ఇప్పుడూ సరుకు పోతాండాది. కంటైనర్లో ఒక మూల ఏసేద్దాం లే పెద్దాయనా" అన్నాడు ఏజెంటు. నాయన సూది పట్టడం మానేసిన వయసు. ఆ రోజు చూడాలి ఆయన్ని, పెళ్లికొడుకే.

చిన్న లారీ తీసుకుని చేనికి పోయాం. గట్టు మీద ఒక అవ్వ రాయికి ఆనుకుని కూర్చుని ఉంది. పక్క చేను ఆవిడ. మమ్మల్ని చూసి లేవలేదు.

"మా సామిని యాడికి తీసకపోతావప్పా?"

నాయన చెప్పబోతే ఆవిడే అందుకుంది. "నా కొడుకు బెంగుళూరులో మిద్దె పని మిందనుంచి పడి సచ్చిపాయ. ఆడే కరెంటులో కాల్సేసినారు. నాకు గుంత లేదు, రాయి లేదు. అమాసకి బువ్వ యాడ పెట్టాల? ఈయప్ప కాడే పెడతాండా."

నాయన గట్టు మీద కూర్చున్నాడు. నేనే చెప్పాను. ఈయన సామి కాదవ్వా, ఒక పిల్లోడు. వాళ్లమ్మ ఈ రాయికి ఎప్పుడో కట్టేసింది, ఇంకా అందలేదు.

అవ్వ లేచి కడవతో నీళ్లు తెచ్చి, చింతపండుతో రుద్ది రుద్ది పసుపు కడిగింది. ఏళ్ల నూనె మరక పోయి ముఖం బయటపడింది. అదే నవ్వు. నాకు అప్పుడే తల నెరుస్తోంది, వాడు అలాగే ఉన్నాడు.

"అయ్యో, పసిబిడ్డ!" అంది అవ్వ. "సెవులు సూడు, నా కొడుకు సెవులే." కొంగుతో తుడిచింది. "ఎత్తుకోని పోండప్పా. కన్నామెకి పోవాల్సిందే. ఈడ ఒకామె బువ్వ పెట్టిందని తెలపండి."

రాయి పోయింది. చేరిందో లేదో కబురు రాలేదు. ఆ నూనె ధరలు పడ్డాయని ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. మరుసటి ఏడు నాయన మంచాన పడ్డాడు. పోయే ముందు, "చేరిందంటనా?" అని అడిగాడు. "చేరింటాది నాయనా" అన్నాను. నా మాట నమ్మినట్టు లేదు.

కర్మ అయిపోయాక మామ ఊరికి పోయాను. అమావాస్య. గట్టు మీద రాయి పీకిన చోట గుంత అలాగే ఉంది. దాని ముందర అవ్వ విస్తరాకు పరుస్తోంది.

"రాయి లేదు కదవ్వా, ఇంకా యాల పెడతాండావు?"

"రాయి పోతే పిల్లోళ్లు యాడికి పోతారు మా? ఈడికే వస్తారు." ఆకు మీద సంకటి ముద్దలు మూడు పెట్టింది. ఒకటి తన కొడుక్కి, ఒకటి చెవుల పిల్లోడికి. మూడోది ఎవరికని అడిగాను.

"మీ నాయనకి. మీ మామ అంతా సెప్పినాడు. ఆ బిడ్డికి కన్ను తెరిసినోడు, ఉత్త కడుపుతో పోతాడా?"

నేను గుంత పక్కనే కూలబడి ఏడ్చాను. అవ్వ ఊరుకోమనలేదు. అడవి వైపు నుంచి కాకులు వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.